డిగ్రీలో 43 శాతమే. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి దారి ఉందా?

నౌపడా ఉప్పు
అందరికీ నమస్కారం. మాది టెక్కలి వైపు. బీఎస్సీ ఎంపీసీ, 2009–12 బ్యాచ్, ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీ. ఐదు సప్లీలు రాసి బయటపడ్డాను. గ్రూపు సబ్జెక్టుల్లో 48 శాతం ఉంది గాని ఇంగ్లీషు, తెలుగు కూడా కలిపితే 43.1కి దిగిపోతోంది. ఇంటర్‌లో 61. బీసీ-డి. వయసు 34. పైడిభీమవరంలో షిఫ్టు ఉద్యోగం.

లాసెట్ (లా కోర్సుల ప్రవేశ పరీక్ష) రాయాలంటే డిగ్రీలో 45 శాతం ఉండాలంటున్నారు. నాకు అసలు అర్హత ఉందా? ఒకవేళ ఉన్నా, తక్కువ మార్కుల వల్ల ర్యాంకు దిగుతుందా? దూరవిద్యలో ఎంఏ చేసి ఆ మార్కులు చూపిస్తే సరిపోతుందని ఒకరన్నారు. ఒక కాలేజీవాళ్లయితే ‘మేనేజ్‌మెంట్ సీటు తీసుకో, పర్సంటేజీ సంగతి మేం చూసుకుంటాం’ అన్నారు. ఏటి చేయాలో తెలియక అడుగుతున్నాను.

నాగావళి గట్టు
ముందు మొదటి ప్రశ్న. 45 అనేది ఓసీలకు. బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40. మీది 43.1, బీసీ-డి. కాబట్టి గేటు దాటినట్టే. కాకపోతే మీకు కుల ధ్రువపత్రం పరీక్ష అయ్యాక చూసుకునే కాగితం కాదు, మీ అర్హతంతా దాని మీదే నిలబడి ఉంది. సచివాలయంలో ఇప్పుడే పెట్టి తీసుకోండి. అందులో మీ పేరు, తండ్రి పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొట్టి అక్షరం, ఇంకోచోట పూర్తిగా ఉంటే సర్టిఫికెట్ల పరిశీలనలో ఆగిపోతారు.

రెండో ప్రశ్న. ర్యాంకులో డిగ్రీ మార్కులకు ఏ వాటా లేదు. లాసెట్‌లో వచ్చిన మార్కులతోనే ర్యాంకు. డిగ్రీలో 43 వచ్చినవారూ 83 వచ్చినవారూ ఆ గేటు దాటాక ఒకటే. అమెరికాలో లా స్కూలుకి వెళ్లేవాళ్లు జీపీఏ గురించి అంత బెంగపడేది అక్కడ దాన్ని ప్రవేశ పరీక్ష స్కోరుతో కలిపి తూస్తారు గనక. మనకి ఆ తూకం లేదు. గేటు ఉంది, అంతే. ఆ వీడియోలు చూసి ‘నా డిగ్రీ ఇలా ఉంది, ఇంకేం సీటు’ అని వెనక్కి తగ్గేవాళ్లు మన జిల్లాలో చాలామందే.

ఇక శాతం లెక్క. ఏడాది పరీక్షల కాలంలో చదివినవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. అప్పట్లో పార్ట్-1 అంటే భాషలు, పార్ట్-2 అంటే గ్రూపు. క్లాసు కూడా దేనికది విడిగా వేసేవారు. అందుకని చాలామంది గ్రూపు మార్కులే ‘నా డిగ్రీ పర్సంటేజీ’ అని రాసేస్తారు. న్యాయవిద్యకి ప్రమాణాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల్లో ఏడో రూలు చెప్పేది మొత్తం మార్కుల్లో శాతం గురించి. దరఖాస్తులో 48 రాసి, పరిశీలనలో కన్సాలిడేటెడ్ మెమో (అన్నేళ్ల మార్కులూ ఒకేచోట ఉండేది) తీస్తే 43 కనిపించిందనుకోండి, అర్హత ఉన్నా అబద్ధం రాసినవాళ్లలా నిలబడాల్సి వస్తుంది. మీరు 43.1 అనే రాయండి. సప్లీలో పాసైన పేపర్లకు చివరికి పాసైనప్పటి మార్కులే లెక్క, ఎన్నిసార్లు రాశారన్నది శాతంలోకి రాదు.

మేనేజ్‌మెంట్ సీటు సంగతి. ఆ ఏడో రూలు కోటా ఏదైనా ఒకటే. కన్వీనర్ సీటుకి (కౌన్సెలింగ్‌లో ర్యాంకుని బట్టి ఇచ్చేదానికి) ఒక శాతం, మేనేజ్‌మెంట్ సీటుకి ఇంకో శాతం అని లేదు. మీకు 42 దాటింది కాబట్టి వాళ్లు ‘చూసుకోవాల్సింది’ ఏమీ లేదు, డబ్బు తప్ప. నిజంగా అర్హత లేనివాళ్లు ఇలా చేరితే అసలు దెబ్బ మూడేళ్ల తరవాత, రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంటుకి, అంటే లాయరుగా నమోదుకి, కాగితాలు పెట్టినప్పుడు తగులుతుంది. అక్కడ డిగ్రీ మెమో మళ్లీ తీస్తారు. అప్పటికి కట్టిన ఫీజు వెనక్కి రాదు, ఎల్‌ఎల్‌బీ పట్టా చేతిలో ఉన్నా కోటు వేసుకోలేరు.

వయసు 34 అడ్డు కాదు. గరిష్ఠ వయసు పెట్టాలని బార్ కౌన్సిల్ చూసింది గాని 2017లో సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది. లాసెట్‌కి వయోపరిమితి లేదు.

కోట జంక్షన్
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. విజయనగరం నుంచి. నేను ఓసీ, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఉంది. బీటెక్, సీజీపీఏ 5.2. పదితో హెచ్చిస్తే 52 కదా, నాకు ఇబ్బంది లేనట్టేనా?

నాగావళి గట్టు
@కోట జంక్షన్ తొందరపడకండి. పదితో హెచ్చించడం మీ యూనివర్సిటీ సూత్రం కాకపోవచ్చు. జేఎన్‌టీయూల్లో కొన్ని రెగ్యులేషన్లకు (ఒక్కో కాలపు బ్యాచ్‌లకు పెట్టిన కోర్సు నిబంధనలకు) సీజీపీఏలోంచి 0.75 తీసి పదితో హెచ్చించాలి, కొన్నిటికి 0.5 తీయాలి. మీ 5.2కి మొదటి లెక్కలో 44.5 వస్తుంది. రెండో లెక్కలో 47. అంటే ఒక సూత్రంలో మీరు 45కి కింద, ఇంకోదాంట్లో పైన. మీ బ్యాచ్ రెగ్యులేషన్ ఏదో మెమో మీదే ఉంటుంది, ఆ రెగ్యులేషన్ పుస్తకంలో శాతానికి మార్చే సూత్రం ఒక పేరాగా ఉంటుంది. అది ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. వీలైతే యూనివర్సిటీ పరీక్షల విభాగం నుంచి శాతం రాసిన ధ్రువపత్రమే తెచ్చుకోండి. పరిశీలన బల్ల దగ్గర కూర్చున్నాయన మీ సూత్రాన్ని కంఠతా పట్టి ఉండరు.

ఇంకోటి. మన వైపు ఇంజనీరింగ్ కాలేజీలు 2022లో విజయనగరం జేఎన్‌టీయూ గురజాడ కిందకి వచ్చాయి. అంతకు ముందు పాసైనవాళ్ల రికార్డు కాకినాడలోనే. ‘మన ఊళ్లోనే యూనివర్సిటీ ఉంది కదా’ అని ఇక్కడ దరఖాస్తు పెట్టి నెల పోగొట్టుకోవద్దు. శ్రీకాకుళంలో డిగ్రీ చదివినవాళ్లకీ ఇదే తిరకాసు. ఎచ్చెర్ల యూనివర్సిటీ పుట్టిందే 2008లో. అంతకు ముందు బ్యాచ్‌లకు కాగితాలు ఇచ్చేది విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీ.

ఈడబ్ల్యూఎస్ మాట. అది సీట్ల రిజర్వేషన్‌కే పనికొస్తుంది, అర్హత శాతానికి కాదు. మీకు 45 ఉండి తీరాలి. 44.5ని 45గా సవరిస్తారా లేదా అన్నది ఆ ఏడాది నోటిఫికేషన్‌లో మీరే వెతికి చూసుకోండి. ఆ వాక్యం అందులో లేకపోతే 44.5 అంటే 44.5 అనే నడవండి.

చంపావతి ఒడ్డు
ఎంఏ గురించి ఎవరూ చెప్పలేదు. పీజీలో 55 పైన ఉంటే డిగ్రీ తక్కువైనా సరిపోతుంది కదా? ఢిల్లీ యూనివర్సిటీలో అలాగే తీసుకుంటారు.

పార్ట్-సి
@చంపావతి ఒడ్డు ఢిల్లీ మాట నిజమే, అక్కడ డిగ్రీ గాని పీజీ గాని 50 శాతం అని పెట్టారు, జనరల్‌కి. దాన్ని లాసెట్‌కి తెచ్చి అతికించకూడదు. ఏడో రూలులో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి అర్హత పరీక్షగా రాసింది ‘ఏదైనా విషయంలో డిగ్రీ కోర్సు’. పీజీ మార్కులు డిగ్రీ లోటుని పూడుస్తాయని అందులో ఎక్కడా లేదు. రెండేళ్లు పెట్టి ఎంఏ చేసి పరిశీలనలో మళ్లీ ఆ పాత మెమో దగ్గరే నిలబడడం కంటే, నిజంగా 42 గాని 45 గాని తగ్గినవాళ్లకి వేరే దారులున్నాయి.

అన్నిటికంటే మంచిది ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీ. దానికి డిగ్రీ మార్కులతో పని లేదు, ఇంటర్ శాతమే అర్హత. అవే 45, 42, 40. వెయ్యికి 450 దాటిన ఓసీ ఎవరైనా, డిగ్రీలో 41 ఉన్నా సరే, ఐదేళ్ల లాసెట్ రాయొచ్చు. రెండేళ్లు ఎక్కువ, నిజమే. అయితే డిగ్రీ మళ్లీ చేసి ఆ పైన మూడేళ్లు చదివితే మొత్తం ఆరేళ్లు. లెక్క మీరే వేసుకోండి.

రెండోది, ఉద్యోగం వదలలేనివాళ్లకి దూరవిద్యలో ఇంకో డిగ్రీ, బీఏ లాంటిది. ఇంటర్ చదివి చేసిన దూరవిద్య డిగ్రీ చెల్లుతుంది. చెల్లనిది ఏదంటే, పది, ఇంటర్ వంటి కింది చదువు లేకుండా ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా చేరి చేసిన డిగ్రీ. ఐదో రూలు దాన్ని పేరుపెట్టి మరీ వద్దంది. మన పల్లెల్లో అలా అర్హత పరీక్ష రాసి డిగ్రీ చేసినవాళ్లు ఉన్నారు, వాళ్లకి శాతం 60 ఉన్నా ఇదే అడ్డు.

మూడోది ఇంప్రూవ్‌మెంట్, అంటే పాసైన పేపర్లే మార్కుల కోసం మళ్లీ రాయడం. నా ఉద్దేశంలో 2012 బ్యాచ్‌వాళ్లు దాని మీద ఆశ పెట్టుకోవద్దు. పాత సిలబస్‌కి పేపరు పెట్టడం ఆపేశాక ఆ తలుపు మూసుకున్నట్టే. నిరుడు, అంతకు ముందు ఏడాది పాసైనవాళ్లయితే పరీక్షల విభాగంలో గడువు అడగండి.

నౌపడా ఉప్పు
చాలా ధైర్యం వచ్చిందండీ. అయితే నాకు 42 మార్కులు వస్తే చాలన్నమాట?

పార్ట్-సి
ఆగండాగండి, రెండు 42లూ కలిపేశారు. డిగ్రీలో 42 ‘శాతం’ ఒకటి. లాసెట్‌లో 42 ‘మార్కులు’ ఇంకొకటి. పరీక్ష 120 మార్కులకి, అందులో 35 శాతం అంటే 42. అది వస్తే ర్యాంకు ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీసం కూడా లేదు. ర్యాంకు రావడం, సీటు రావడం ఒకటి కాదు. 42 దగ్గర ఆగితే కోరుకున్న కాలేజీ మాట మరిచిపోవాల్సిందే.

120 ప్రశ్నలకు 90 నిమిషాలు. అంటే ప్రశ్నకి 45 సెకన్లు. తప్పుకి మార్కు కోత లేదు. ఏ ప్రశ్నా ఖాళీగా వదలకూడదు, చివరి మూడు నిమిషాలు మిగిలినవన్నీ నొక్కేయడానికి దాచుకోండి. పార్ట్-ఎ జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ 30. పార్ట్-బి వర్తమాన వ్యవహారాలు 30. పార్ట్-సి న్యాయ విద్యకు తగిన సామర్థ్యం (ఆప్టిట్యూడ్) 60. సగం మార్కులు అక్కడే, ఇద్దరికి సమానంగా వస్తే ముందు చూసేదీ దాన్నే. కానీ జనం చేసేది తలకిందులు. గ్రూప్స్ పుస్తకాలు ఇంట్లో ఉంటాయి గనక పార్ట్-ఎ చదువుతూ కూర్చుంటారు. మీరు ఎంపీసీ, మెంటల్ ఎబిలిటీకి రోజుకి అరగంట చాలు. మిగతా సమయమంతా పార్ట్-సికే ఇవ్వండి.

అందులో మొదట రాజ్యాంగం. 12 నుంచి 35 దాకా ఒక్కో అధికరణం ఏం చెబుతుందో పుస్తకం మూసి చెప్పగలగాలి. 32కీ 226కీ తేడా, 20లో మూడు రక్షణలు, 22లో అరెస్టైన మనిషి హక్కులు, 51-ఎలో పదకొండు విధులు, 368. రాజ్యాంగ సవరణ అధికారం మీద వచ్చిన తీర్పులు వరస కలిపి చదవండి: 1951 శంకరీ ప్రసాద్, 1967 గోలక్‌నాథ్, 1973 కేశవానంద భారతి. ఒకటి ఎందుకు మారి రెండోదైందో అర్థమైతే సంవత్సరాలు వాటంతటవే గుర్తుంటాయి. 1997 సమతా తీర్పు వదలొద్దు. బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద పుట్టిన కేసు. ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు లీజుకి ఇవ్వకూడదన్నది, 1/70 చట్టం, ఐదో షెడ్యూలు మూడూ ఒకే ముడిలో ఉంటాయి. మన్యం పక్కనే ఉన్నవాళ్లం, మనకి ఇది పుస్తకంలో పాఠం ఒక్కటే కాదు.

తరవాత టార్టులు (ఒప్పందంతో పని లేకుండా నష్టపరిహారం అడగగలిగే పౌర తప్పులు), కాంట్రాక్టు మూలసూత్రాలు. మైనరు ఒప్పందం మొదటినుంచీ చెల్లదన్న 1903 మొహొరీ బీబీ కేసు, ప్రమాదకరమైనది తెచ్చిపెట్టుకున్నవాడే దాని నష్టానికి బాధ్యుడన్న రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్, దాన్ని దాటి మన సుప్రీంకోర్టు చెప్పిన సంపూర్ణ బాధ్యత. లాటిన్ సూత్రాలు ఓ యాభై. వాటిని అర్థంతో కాక ఉదాహరణతో గుర్తుపెట్టుకోండి. ‘వొలెంటీ నాన్ ఫిట్ ఇంజూరియా’ అంటే, బంతి తగులుతుందని తెలిసే క్రికెట్ చూడ్డానికి కూర్చున్నవాడు తగిలాక దావా వేయలేడు.

ఇక్కడో గుంట ఉంది, చూసి నడవండి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత గైడు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకి శిక్ష 302 కాదు, 103. మోసం 420 కాదు, 318. ఎఫ్‌ఐఆర్ పాత సీఆర్‌పీసీలో 154, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173. 144 సెక్షన్ అని ఊరంతా ఇంకా అంటారు గాని ఇప్పుడది 163. పాతదీ కొత్తదీ రెండూ తెలిసుండాలి, ఎందుకంటే ఏది దేనిగా మారిందన్న ప్రశ్నే అడగడానికి సులువు.

కోట జంక్షన్
నా రెగ్యులేషన్ చూశాను. 0.75 తీయాలట. 44.5. ఇంటర్‌లో 78 ఉంది, ఐదేళ్లదే రాస్తాను. ఇంకో ఆరేళ్ల కంటే అదే నయం.

రూల్ పన్నెండు
@నౌపడా ఉప్పు మీ విషయంలో నాకు మార్కుల కంటే ఉద్యోగమే పెద్ద అడ్డుగా కనిపిస్తోంది. ఎవరూ దాని జోలికి పోలేదు కాబట్టి చెబుతున్నాను. ఎల్‌ఎల్‌బీ రెగ్యులర్ కోర్సు. వారానికి 30 గంటల తరగతులు ఉండాలని బార్ కౌన్సిల్ లెక్క. పన్నెండో రూలు ప్రకారం 70 శాతం హాజరు లేకపోతే ఆ సెమిస్టర్ పరీక్షకి కూర్చోనివ్వకూడదు. తప్పనిసరి కారణం ఉంటే ఒక సబ్జెక్టులో 65 దాకా సడలిస్తారు, అది కూడా మొత్తం మీద 70 ఉంటేనే.

‘హాజరు సంగతి కాలేజీ చూసుకుంటుంది’ అనే మాట మీకు తప్పకుండా వినిపిస్తుంది. 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ సర్క్యులర్ ఇచ్చింది. బయోమెట్రిక్ హాజరు, తరగతుల్లో కెమెరాలు, ఉద్యోగం చేస్తున్నారా లేదా అని విద్యార్థి రాసివ్వాలి, చేస్తుంటే యజమాని నుంచి అభ్యంతరం లేదన్న పత్రం కావాలి. అదే కాగితంలో క్రిమినల్ కేసులు, ఒకేసారి చదివే ఇంకో రెగ్యులర్ డిగ్రీ గురించి కూడా రాసివ్వాలి. దూరవిద్య కోర్సుకి మాత్రం ఆరో రూలులో మినహాయింపు ఉంది.

మీరు చూడాల్సింది మీ షిఫ్టుల వరస. నెలంతా బి-షిఫ్టు (మధ్యాహ్నం షిఫ్టు) గాని నైట్ గాని వేయించుకోగలిగితే పొద్దున తరగతులకి వెళ్లొచ్చు. వారానికోసారి మారే షిఫ్టులైతే మూడు వారాల్లో ఒక వారం పూర్తిగా పోతుంది. ఆ లెక్కన 67 శాతం దగ్గరే ఆగిపోతారు, ఒక్క రోజు జ్వరం రాకపోయినా. కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్లు పెట్టకముందే ఈ మాట మీ కంపెనీ యాజమాన్యంతో తేల్చుకోండి, చేరాక కాదు.

వంశధార రైట్ కెనాల్
కాగితాల సంగతి నేను చెబుతాను, చాలామంది సీటు పోగొట్టుకునేది ఇక్కడే.

కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ లేదా ఒరిజినల్ డిగ్రీ, టీసీ. టీసీ చివర చదివిన కాలేజీది కావాలి. డిగ్రీ తరవాత బీఈడీకో ఐటీఐకో వెళ్లి మధ్యలో మానేసినవాళ్ల టీసీ అక్కడే ఉండిపోతుంది, బకాయి ఫీజు కట్టకుండా ఇవ్వరు. కౌన్సెలింగ్ వారంలో ఈ గొడవ మొదలుపెడితే తేలదు. మెమోలు పోయినవాళ్లు పోలీసు స్టేషన్ నుంచి దొరకలేదన్న పత్రం, అఫిడవిట్ పెట్టి డూప్లికేటు కోసం దరఖాస్తు చేయాలి. 2018 తిత్లీ తుపానులో పలాస, వజ్రపుకొత్తూరు వైపు తడిసి ముద్దైన సర్టిఫికెట్లు అలాగే బీరువాల్లో ఉన్నాయి. అతుక్కుపోయి మార్కులు కనబడని మెమో ఉన్నా లేనట్టే, దానికీ డూప్లికేటు తెచ్చుకోండి.

స్థానికత ఇంకొకటి. ఆరు నుంచి డిగ్రీ దాకా స్టడీ సర్టిఫికెట్లు తీసి ఉంచండి. సీట్లలో ఎక్కువ భాగం లోకల్‌కే, మన మూడు జిల్లాలూ ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా కిందకే వస్తాయి. ఇచ్ఛాపురం, సోంపేట పిల్లలు ఒడిశాలోని బరంపురంలో డిగ్రీ చదివి ఉంటే వరస నాలుగేళ్ల చదువు రాష్ట్రంలో లేదు గనక చదువు ఆధారంగా లోకల్ కారు. వాళ్లు తల్లిదండ్రుల పదేళ్ల నివాస పత్రం తహసీల్దారు దగ్గర తీసుకుని అన్‌రిజర్వుడు (లోకల్‌కి కేటాయించని) సీట్లకి అర్హత నిలబెట్టుకోవాలి. లేకపోతే పూర్తిగా బయటివాళ్లయిపోతారు.

ఆప్షన్లు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ అంబేద్కర్ లా కాలేజీ ఒక్కటే పెట్టి సేవ్ చేసేవాళ్లుంటారు. అది రాకపోతే ఆ విడతలో ఏదీ రాదు. మొదట అది, తరవాత విజయనగరంలో మహారాజావారి లా కాలేజీ, ఆ కింద విశాఖ చుట్టుపక్కల ప్రైవేటువి, వెళ్లగలిగే వరసలో పెట్టుకోండి. ప్రతి కాలేజీకీ ఆ విద్యా సంవత్సరానికి బార్ కౌన్సిల్ ఆమోదం ఉందో లేదో బోర్డు మీద కాదు, బార్ కౌన్సిల్ జాబితాలో చూడండి. దూరం కూడా లెక్కే. పైడిభీమవరం నుంచి విజయనగరం రోజూ వెళ్లి రావచ్చు. ఆమదాలవలస నుంచి పొద్దున్నే రైలెక్కి విశాఖలో తొమ్మిదింటి తరగతి అందుకోవడం వారం రోజులు బాగానే ఉంటుంది, ఆ రైలు గంట ఆలస్యమైన ప్రతిసారీ పైన ఆయన చెప్పిన 70 శాతంలో ఒక చుక్క కారిపోతుంది.

నౌపడా ఉప్పు
కన్సాలిడేటెడ్ మెమోలో మా నాన్న పేరు ‘అప్పలసామి’ అనీ, పదో తరగతిలో ‘అప్పలస్వామి’ అనీ ఉంది. ఇది కూడా పట్టించుకుంటారా?

నాగావళి గట్టు
పట్టించుకోవచ్చు. పదో తరగతి మెమోనే ఆధారం. దాని నకలు జతచేసి ఎచ్చెర్ల పరీక్షల విభాగంలో పేరు సవరణకి ఈ వారమే దరఖాస్తు పెట్టండి. కుల ధ్రువపత్రం మాత్రం దానికోసం ఆగకుండా ‘అప్పలస్వామి’ అనే తీసుకోండి. సవరించిన మెమో రావడం ఆలస్యమైతే ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ ఒకటి, దరఖాస్తు రసీదు ఒకటి చేతిలో ఉంచుకోండి.